డీఎస్18బీ20 ప్రోబ్: మడుగులో నీళ్లున్నాయో లేదో చెప్పే చవక సెన్సర్

కొల్లేరు అంచుల్లో ఎండాకాలం ఏ మడుగు ఎప్పుడు ఎండిందో తెలియాలంటే రోజూ వెళ్లి చూడటం కుదిరే పని కాదు, పోనీ ఉపగ్రహ చిత్రాల్లో చూద్దామా అంటే గుర్రపు డెక్క కింద ఉన్నది నీళ్లో బురదో తేలదు. అందుకే ఈ స్టీలు గొట్టం ప్రోబ్‌లు తెప్పించాం. ఒక్కోటి వంద రూపాయలకు కాస్త అటూఇటూ.

ఇది కొలిచేది ఉష్ణోగ్రతే. కానీ నీళ్లు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారతాయి కదా, కిటుకంతా అక్కడే ఉంది. ఒకటి నేలకు ఆనించి, ఇంకోటి పైన నీడపట్టున గాలికి వేలాడదీసి, అరగంటకోసారి రీడింగ్ తీసుకుంటే, పగటి వేడికీ తెల్లవారుజాము చల్లదనానికీ మధ్య తేడా కిందిదాంట్లో బాగా తక్కువుంటే అది నీళ్లలో ఉన్నట్టే. గాలిదానితో పాటు ఎగిరిపడటం మొదలెట్టిందా, నీళ్లు పోయాయి. ±0.5 డిగ్రీల కచ్చితత్వం ఈ పనికి ఎక్కువే.

నాకు బాగా నచ్చింది, ప్రతి సెన్సర్‌కీ సొంత 64 బిట్ల నంబరు ఉండటంతో ఎన్నో ఒకే వైరు మీద నడుస్తాయి. వెదురు బొంగుకి జానెడుకొకటి కట్టాం, నీరు ఏ ఎత్తు దాకా ఉందో ఉజ్జాయింపుగా తెలిసిపోతోంది.

ఇక తలనొప్పులు. మార్కెట్లో నకిలీ చిప్‌లు విపరీతం, రాగానే దంచిన ఐసులో ముంచి సున్నా దగ్గర ఆగుతుందో లేదో చూడండి. మొదటి రీడింగ్ 85 వస్తే చెరువు ఉడికిందని టెన్షన్ పడకండి, కరెంటు అందగానే అది చూపించే అంకె అదే! వాటర్‌ప్రూఫ్ అంటారు గానీ వైరు గొట్టంలోకి దూరే చోట నీళ్లు లోపలికి దిగుతాయి, అక్కడ ఎపాక్సీ జిగురు పూయాల్సిందే. ముసురు పట్టిన రోజుల్లో గాలి ఉష్ణోగ్రత కూడా పెద్దగా మారదు కాబట్టి ఆ డేటాని నమ్మొద్దు. తడి బురద, బెత్తెడు నీళ్లు రెండూ ఒకలాగే కనిపించే రోజులూ ఉంటాయి.

ఐబటన్ లాగర్ (రీడింగ్‌లు తనలోనే దాచుకునే, బొత్తామంత సెన్సర్) అయితే వైర్ల గోల లేదు, కానీ అందులో డీఎస్1921జీ అనే మోడల్ 2048 రీడింగ్‌లే దాస్తుంది, అరగంటకోటి చొప్పున 42 రోజులకి నిండిపోతుంది, ధరేమో చాలా ఎక్కువ.

సోల్డరింగ్ వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. 4/5. అభయారణ్యం హద్దులోపల పెట్టేటట్టయితే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోండి, గట్టు పక్కనైతే గేదెలు తొక్కని చోటు చూసుకోండి.