హకోడాటె ట్రిప్: నైట్ వ్యూ కోసం వెళ్తే పాత కాన్సులేట్ నచ్చింది

టోక్యోలో ఐదేళ్ళుగా ఉంటూ జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి చూడలేదని మా ఆవిడ పోరు, అత్తయ్యగారు కూడా వచ్చి ఉన్నారు కదా అని అక్టోబర్‌లో అక్కడి రేవు పట్నం హకోడాటె బయల్దేరాం. షింకాన్‌సెన్ బుల్లెట్ ట్రైన్‌లో నాలుగ్గంటలు, అదీ ఊళ్ళోకి పోదు, షిన్ హకోడాటె హొకుతో స్టేషన్‌లో దింపేస్తుంది, అక్కణ్ణుంచి లోకల్ ట్రైన్‌లో ఇంకో ఇరవై నిమిషాలు. సామాను ఎక్కువుంటే లెక్కేసుకోండి.

హోటల్ స్టేషన్ దగ్గరే, అదొక్కటే సుఖం. రూమ్ అగ్గిపెట్టె, ఒక సూట్‌కేస్ తెరిస్తే రెండోది మంచమ్మీద పెట్టాలి. టిఫిన్‌లో వెజ్ సూప్ అన్నారు, అత్తయ్యగారు వాసన చూసి గిన్నె పక్కకి జరిపేశారు, చేప నీళ్ళే అది. కట్టుకెళ్ళిన పులిహోరే ఆ పూట ఆదుకుంది.

పొద్దున్నే ట్రామ్‌లో సుయెహిరోచో దిగి మొతోయిజాక ఎక్కాం, ఏటవాలు రోడ్డు, మోకాళ్ళ నొప్పులుంటే మెల్లగా. తెల్లగోడలు, నీలం కిటికీల బిల్డింగే పాత బ్రిటిష్ కాన్సులేట్. టికెట్ మాకు 300 యెన్ పడింది. "ఏం బాబూ, ఇంగ్లీషోళ్ళ ఆఫీసు చూడ్డానికి ఇంత దూరం రావాలా, మన కాకినాడలో లేవూ" అన్నారు అత్తయ్యగారు. నిజమే, కానీ ఇక్కడి కథ వేరు, వీళ్ళు పాలించడానికి రాలేదు. 1854లో జపాన్‌కి అమెరికాతో ఒప్పందం కుదిరాక ఈ రేవు విదేశీ ఓడలకి తలుపు తీసింది, 1859లో యొకొహామా, నాగసాకిలతో పాటు వ్యాపారానికి కూడా తెరిచారు, ఆ ఏడే బ్రిటిష్ కాన్సుల్ దిగాడు, మొదట్లో కాపురం షోమ్యోజీ అనే బౌద్ధ గుళ్ళో! ఈ ఊరికి అగ్గి శాపం ఉన్నట్టుంది, 1907లో పెద్ద మంటలు, ఇప్పుడున్న బిల్డింగ్ 1913ది. 1934లో కాన్సులేట్ మూసేశారు, మ్యూజియం చేసింది మాత్రం 1992లో.

నాకు మనసులో పడిపోయిన సంగతి ఇంకోటుంది. 1865లో కాన్సులేట్ మనుషులే దగ్గర్లోని ఐనుల (ఇక్కడి ఆదివాసులు) పల్లెల్లో సమాధులు తవ్వి ఎముకలు ఎత్తుకుపోయారు, శాస్త్రం పేరు చెప్పి. ఇక్కడి జపాన్ అధికారి వదల్లేదు, పట్టుబట్టి అడిగాడు, కాన్సుల్ పదవి ఊడింది. మేడ మీద కిటికీలోంచి రేవు కనిపిస్తుంటే ఇదే గుర్తొస్తూ ఉంది, గులాబీ తోటా, డోర్ల మీద పాలిషూ చూసి మురిసిపోతే సగమే చూసినట్టు.

కింద టీ రూమ్ ఉంది, స్కోన్‌లతో టీ ఇస్తారు, బయటికంటే రేటు ఎక్కువే అయినా పాలు విడిగా ఇచ్చారు కాబట్టి అత్తయ్యగారు మొదటిసారి మొహం విప్పారు, మన టీలా మరిగించలేదని ఓ మాట అన్నారనుకోండి. పక్కనే ఇంకాస్త పైకెక్కితే 1910లో కట్టిన పసుపు, నీలి రంగుల పాత పబ్లిక్ హాల్, టైముంటే అదీ చూడొచ్చు. రష్యన్ ఆర్థడాక్స్ చర్చి కూడా నడకే.

రాత్రి కొండమీద నైట్ వ్యూ కోసం రోప్‌వే క్యూలో గంట నిలబడ్డాం, పైకెళ్ళాక మబ్బు కమ్మేసింది, ఊరి లైట్లు ఒకసారి కనబడి మళ్ళీ పోయాయి. దిగొచ్చేటప్పుడు అత్తయ్యగారు అడిగారు, "రేపు ఆ టీ కొట్టుకి మళ్ళీ పోదామా బాబూ?"