మందు మాన్పించడానికి ఎక్కడ చేర్చాలి: సర్కారు ఆసుపత్రిలోనా, ఉచిత కేంద్రంలోనా, ప్రైవేటు సెంటర్లోనా?

ఇంట్లో ఒకరికి తాగుడు వ్యసనమైందని ఒప్పుకున్నాక కుటుంబానికి మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. రెండోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రం, ఆఫీసు భాషలో ఐఆర్‌సీఏ. మూడోది ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్. కాస్త డబ్బు సర్దుకోగలిగినవాళ్లు చాలామంది మూడోదానికే పరుగెడతారు. వైద్యం కంటే ముందు పరువు ఆలోచిస్తారు మరి. ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్న ఎర్రగడ్డ (హైదరాబాద్) అన్నా, చినవాల్తేరు (విశాఖ) అన్నా ఇప్పటికీ చుట్టాల నోట 'పిచ్చాసుపత్రి' అనే వస్తుంది.

మొదటి వారానికి మాత్రం నా ఓటు సర్కారు ఆసుపత్రికే. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులకు కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద ఏవో పాకుతున్నాయంటారు, మనుషుల్ని గుర్తుపట్టరు. అప్పుడు వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వణుకు, ఫిట్స్ రాకుండా చూసే లోరాజెపామ్ లాంటి మందులు, థయమిన్ (విటమిన్ బీ1) ఇంజెక్షన్, లివర్ పరీక్షలు, రాత్రిపూట కూడా పలికే డాక్టర్ ఒకేచోట కావాలి. పెద్దాసుపత్రిలో ఇవన్నీ పెద్దగా ఖర్చు లేకుండా దొరుకుతాయి. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి మరీ వేరు. డయాజెపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు రసాయనాలు కలిపిన కల్లుకు ఒళ్లు అలవాటుపడ్డాక అది ఆగితే వచ్చే లక్షణాలూ అంతే తీవ్రంగా ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే అలాంటివాళ్లు ఎర్రగడ్డకు బారులు తీరారు. అక్కడి డాక్టర్లకు ఈ కేసులు కొట్టినపిండి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఓపీలో రద్దీ, డాక్టర్ మాట్లాడేది నాలుగు ముక్కలు. చాలాచోట్ల వార్డులో ఇంటి మనిషి తోడుండాలంటారు. కూలికి వెళ్లే భార్య వారం, పది రోజులు పని మానుకోవడమంటే మాటలు కాదు. పైగా వణుకు తగ్గి, తిండి సయించి, నిద్ర పట్టగానే ఇంటికి పంపేస్తారు. మళ్లీ అదే వీధి, అదే బెల్టుషాపు.

ఐఆర్‌సీఏ పనికొచ్చేది ఈ దశలోనే. అక్కడ కొన్ని వారాలపాటు ఉంచుకుంటారు, ఉచితంగా. కౌన్సెలింగ్ ఉంటుంది, భార్యనో తల్లినో పిలిపించి మాట్లాడతారు. ఒకప్పుడు తాగి మానేసినవాళ్లు సిబ్బందిలో ఉంటే ఇంకా మంచిది, వాళ్లకు అబద్ధాలు చెప్పి తప్పించుకోవడం కష్టం. కానీ డాక్టర్ రోజంతా ఉండరు. అందుకే ఫిట్స్ చరిత్ర ఉన్నవాణ్ణి నేరుగా ఇక్కడికి తేకూడదని నా అభిప్రాయం. కేంద్రానికీ కేంద్రానికీ నాణ్యతలో తేడా కూడా ఎక్కువే. దగ్గర్లో ఏది ఉందో 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు, చేర్చేముందు ఒకసారి వెళ్లి కళ్లారా చూడాలి.

ప్రైవేటులో సైకియాట్రిస్ట్ ఉన్న ఆసుపత్రి అయితే ఫర్వాలేదు, మన స్తోమతను బట్టి. భయమంతా అద్దె ఇంట్లో బోర్డు పెట్టి, వ్యాన్ పంపి మనిషిని ఎత్తుకెళ్లి, ఆరు నెలల ప్యాకేజీ చెప్పే చోట్లతోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తుమందుల సమస్యలూ వస్తాయి. చికిత్స ఇచ్చే సంస్థకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగి తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఇంకొకరు చేర్పించవచ్చు గానీ, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్ట్ కావాలి, గడువు మొదట 30 రోజులే. గొలుసులతో కట్టేయడం పూర్తిగా నిషేధం. రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే మాట దాటేసే చోటునుంచి వెనక్కి వచ్చేయండి.

గంజాయికి అలవాటుపడ్డ కుర్రాడి విషయంలో లెక్క మారుతుంది. అది మానేస్తే చిరాకు, నిద్రలేమి తప్ప సాధారణంగా ప్రాణభయం ఉండదు కాబట్టి చాలామందికి అడ్మిషన్ కూడా అక్కర్లేదు, ఓపీ, కౌన్సెలింగ్ చాలు. తల్లిదండ్రులకు టెన్షన్ అంతా పోలీసు కేసు గురించి. మత్తుమందుల నేరాలకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుమందు వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గుర్తింపు లేని సెంటర్‌కు లక్షలు పోసినా ఈ మేలు దక్కదు.

జాతీయ స్థాయిలో 2019లో వచ్చిన సర్వే ప్రకారం మద్యం వ్యసనం ఉన్న 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్లలో ఎంతోమంది ఇళ్లలో నడిచేది నాటువైద్యమే, 'రోగికి తెలియకుండా మాన్పించే' పొడులే. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను, డాక్టర్ రాసిందే అయినా, చెప్పకుండా కూరలో కలపొద్దు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి చావు కూడా. డిశ్చార్జ్ రోజున మాత్రల చీటీ రోగి ముందే డాక్టర్‌తో చదివించుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి.