దీమాపూర్‌లో తెమడ పరీక్ష: నాలుగు స్టార్లు

బజార్లో మెట్లెక్కి వెళ్లే చిన్న ల్యాబ్ ఇది. నాగాలాండ్ రోడ్డు పనుల్లో మన శ్రీకాకుళం వాళ్లు ఉన్నారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

మా సైట్‌లో జేసీబీ నడిపే టెక్కలి కుర్రాడికి నెలల తరబడి దగ్గు. పొద్దున్నే పడే కళ్లె ఇటుకపొడి కలిపినట్టు ఉండేది. జ్వరం పెద్దగా లేదు, తిండికీ లోటు లేదు. వేరే చోట ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. తెమడలో టీబీ క్రిమి దొరక్కపోయినా మందులు మొదలెట్టేశారు. మందులు మింగుతూనే ఉన్నాడు, నెత్తురు పడుతూనే ఉంది.

ఇక్కడి టెక్నీషియన్ అమ్మాయి డబ్బా చేతికివ్వకముందే హిందీలో అడిగింది, "వాగు పీతలు తిన్నావా భయ్యా?" అని. తినకేం! కూలీలతో కూర్చుని, నిప్పుల మీద అలా చూపించి తీసినవి. లోపల పచ్చిగా ఉన్న పీతలోంచే ఊపిరితిత్తుల పురుగు ఒంట్లోకి చేరుతుందట. ఈ ఒక్క ప్రశ్నకే సగం డబ్బులు ఇవ్వొచ్చు.

తెమడకి రంగు వేయకుండా, అలాగే స్లైడ్ మీద పెట్టి తక్కువ పవర్‌లో చూసింది. టీబీ క్రిమి 2–4 మైక్రాన్లు, ఈ పురుగు గుడ్డు 80–120 మైక్రాన్లు. చిన్నదాని కోసం పెద్ద పవర్ పెట్టి స్లైడ్‌లో కాస్త మేర మాత్రమే వెతికితే ఇది తప్పించుకుంటుందని చెప్పింది. మొదటి రోజు ఏమీ లేదు. "గుడ్లు రోజూ పడవు, మళ్లీ తెండి, మలం కూడా" అంది. కళ్లె మింగేస్తే గుడ్లు అటు దిగుతాయి కదా. తర్వాతి శాంపిల్‌లో దొరికింది. నన్నూ పిలిచి చూపించింది: బంగారు గోధుమ రంగు, కోలగా, ఒక కొసన చిన్న మూత. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒంట్లో పురుగులుంటే పెరిగే ఒక రకం తెల్ల కణాలు) కూడా బాగా పెరిగి ఉన్నాయి. ఆ రిపోర్టు చూశాక డాక్టరు టీబీ మందులు ఆపించి, ఈ పురుగుని చంపే ప్రాజిక్వాంటెల్ మాత్రలు బరువు లెక్కన రోజుకి మూడుసార్లు, మూడు రోజులు వేయించారు. కుర్రాడు ఇప్పుడు బండి మీదే ఉన్నాడు.

స్టార్ ఎందుకు కోశానంటే, యాంటీబాడీ పరీక్ష (పురుగు మీద ఒళ్లు తయారుచేసుకున్న రక్షక పదార్థాలని రక్తంలో వెతికేది) ఇక్కడ చేయరు, బయటికి పంపుతారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినవాళ్లకి గుడ్లు తరచూ దొరకవు, వాళ్లకి ఆ పరీక్షే దిక్కు. మా వంటాయనది అలాంటి కేసే. రిపోర్టు ఎప్పుడొస్తుందో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దగ్గి తెమడ తీయడానికి మెట్ల మలుపు తప్ప చోటు లేదు, పక్కనుంచి జనం పోతుంటారు. నిజంగా టీబీ ఉన్నవాడు వస్తే ఏం గతి?

పొద్దున్నే నోరు పుక్కిలించి వెళ్లండి. ఉమ్మి కాదు, లోపల్నుంచి దగ్గి తీసిందే ఇవ్వాలి. నయమైందో లేదో చూసుకోడానికి యాంటీబాడీ పరీక్షకి మళ్లీ డబ్బు కట్టకండి. మందు పడ్డాక కూడా నెలల తరబడి అది పాజిటివే చూపిస్తుంది. తెమడే ఇంకోసారి చూపించుకోండి.