నలుపు కోసం కొత్త ప్రొజెక్టరా, ముదురు గోడలా?

డీఎల్‌పీ ప్రొజెక్టర్‌లో రాత్రి దృశ్యం వచ్చినప్పుడు తెర పైనా కిందా ఉండే నల్లపట్టీలు బూడిద రంగులో కనిపించడానికి కారణం, చిప్‌లోని చిన్న అద్దాలు కాంతిని పక్కకు మళ్లించినా కొంత వెలుగు చెదిరి లెన్సులోకి రావడమే. మంచి ఎల్‌కాస్ (చిన్న అద్దాలకు బదులు ద్రవ స్ఫటికాల చిప్‌తో బొమ్మను చూపే రకం) ప్రొజెక్టర్‌కు మారితే ఈ లోపం చాలావరకు తీరుతుంది. అయితే ఒకే ఫ్రేములో ఒక మూల దీపం, మరో మూల నీడ ఉన్నప్పుడు లెక్క మారుతుంది. తెర మీది వెలుగు తెల్లని గోడలకూ పైకప్పుకూ తగిలి తిరిగి తెర మీదే పడుతుంది కనుక, ఎంత ఖరీదైన ప్రొజెక్టరైనా అక్కడ నలుపును కాపాడలేదు. గది ఇప్పటికే చీకటిగా ఉన్నవారు ఎల్‌కాస్‌పై ఖర్చు పెట్టవచ్చు. తెల్లగోడల హాల్లో చూసేవారు మాత్రం ముందుగా తెర చుట్టుపక్కల మెరుపులేని ముదురు రంగు వేయించడమో, నల్ల వెల్వెట్ గుడ్డ కప్పడమో మేలని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్లను ఒప్పించడం వేరే సంగతి.