పౌడరా, నీళ్లా, గ్యాసా? ట్రాక్టర్‌కీ కోత మిషన్‌కీ ఏ ఫైర్ సిలిండర్ మేలు

కోతలు దగ్గరపడ్డాయంటే ఈ ప్రశ్న తప్పదు: "ట్రాక్టర్‌కి ఫైర్ సిలిండర్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఏబీసీ తీసుకోమంటారా, సీఓటూనా?" ఏబీసీ అంటే గడ్డి, నూనె, గ్యాసు మూడు రకాల మంటలకూ కొట్టే పౌడర్, సీఓటూ అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. అడిగేవాళ్లలో రోటవేటర్ కట్టి దున్నేవాళ్లుంటారు, వరికోత మిషన్ తిప్పేవాళ్లుంటారు, గడ్డి తోలేవాళ్లుంటారు. ముగ్గురి బండ్లూ అంటుకునే తీరు ఒకటి కాదు కాబట్టి ముగ్గురికీ ఒకే జవాబు కుదరదు.

ముందే తేల్చేస్తాను. ట్రాక్టర్ ఒక్కదానికైతే 4 కిలోల ఏబీసీ పౌడర్. కోత మిషన్‌కీ, గడ్డి చుట్టలు కట్టే బేలర్‌కీ 6 కిలోల ఏబీసీ, దానికి తోడు 9 లీటర్ల నీళ్ల సిలిండర్. సీఓటూ వీటిలో దేనికీ వద్దు.

మంట వేరు, నిప్పు వేరు

ట్రాక్టర్‌లో ఏం అంటుకుంటుందో చూడండి. డీజిల్ పైపు చిట్లి సన్నగా చిమ్ముతుంది. హైడ్రాలిక్ గొట్టం పగిలి ఆయిల్ వెళ్లి వేడి సైలెన్సర్ మీద పడుతుంది. సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావు వైరు ఇనుముకు రాసుకుని రాసుకుని పైతొడుగు ఊడిపోతుంది. షెడ్డులో ఎలుకలు కొరికిన వైర్లు, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన ఎక్స్‌ట్రా లైట్లు ఎటూ ఉన్నవే. ఇవన్నీ భగ్గున లేచే మంటలు. ఏబీసీ పౌడర్ ఇలాంటి చోటే పనిమంతురాలు. అందులో ఉండే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ మంటలో జరిగే రసాయన చర్యల గొలుసును తెంపేస్తుంది. సరిగ్గా తగిలితే రెండు మూడు సెకన్లలో మంట పడిపోతుంది. డీజిల్, వైరింగ్, రబ్బరు, సీటు స్పాంజి, దేనికైనా అదే డబ్బా.

కోత మిషన్‌లో సాధారణంగా ముందు వచ్చేది మంట కాదు. గడ్డి నుసి, పొట్టు, దుమ్ము కలిసి టర్బో చుట్టూ, సైలెన్సర్ మొదట్లో, రేడియేటర్ వెనక పేరుకుంటాయి. గ్రీజు లేని బేరింగ్ కాగుతుంది, వదులైన బెల్టు జారి జారి పుల్లీని వేడెక్కిస్తుంది. పేరుకున్న నుసి లోపల్లోపల రాజుకుంటుంది. నివురుగప్పిన నిప్పు అంటామే, అక్షరాలా అదే. పైన కూర్చున్న డ్రైవర్‌కు వాసన తెలిసేసరికి లోపల చాలాసేపటి నుంచి కాలుతూ ఉంటుంది.

దీని మీద పౌడర్ కొడితే పైమంట చప్పున ఆరుతుంది. ఆరింది కదా అని అందరూ చేతులు దులుపుకుంటారు. పౌడర్ కరిగి పైన పెంకులా పరుచుకుంటుంది, చెక్క ముక్క మీదైతే ఆ పెంకు గాలి తగలకుండా ఆపుతుంది. గడ్డి నుసి కుప్పలో మాత్రం ఆ పెంకు పైపొర దాటి లోపలికి దిగదు. పౌడర్‌కు చల్లార్చే గుణం లేదనే చెప్పాలి. లోపలి నిప్పు అలాగే ఉంటుంది, పక్కనున్న ఇనుము అలాగే కాగి ఉంటుంది. కాసేపటికి గాలి తోలగానే మళ్లీ లేస్తుంది. అప్పటికి సిలిండర్ ఖాళీ.

నీళ్ల పని ఇక్కడే. నీళ్లు వేడిని లాగేస్తాయి, నుసిలోకి ఇంకుతాయి. ఎండుగడ్డి మీద నీళ్లు జారిపోతుంటాయి కాబట్టి నింపేటప్పుడు కాస్త బట్టల సబ్బు పొడి ద్రావణం కలిపితే తొందరగా ఇంకుతాయి. 9 లీటర్ల ప్రెషర్ సిలిండర్ ధార 6 మీటర్ల దాకా వెళ్తుంది, దాదాపు నిమిషం పాటు వస్తుంది. 6 కిలోల పౌడర్ సిలిండర్ నొక్కి పట్టుకుంటే పావు నిమిషంలో అయిపోతుంది. అమెరికాలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు కంబైన్‌కి చెప్పేదీ ఈ జోడీనే: క్యాబిన్‌లో 10 పౌండ్ల ఏబీసీ, అంటే నాలుగున్నర కిలోలు. బయట, నేల మీద నిలబడితే అందేచోట, రెండున్నర గ్యాలన్ల నీళ్లు, అంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్లు.

వరస మాత్రం తారుమారు కాకూడదు. డీజిల్ మండుతున్నప్పుడు నీటి ధార కొడితే డీజిల్ నీటి మీద తేలి మంటను పక్కకు మోసుకుపోతుంది. ముందు పౌడర్‌తో మంట పడగొట్టాలి, డీజిల్ కాక్ కట్టేయాలి, తర్వాతే నీళ్లు. ఆ తర్వాత దంతెతోనో కర్రతోనో కాలిన నుసి అంతా కిందికి లాగి, అది కూడా తడిపి, కనీసం అరగంట అక్కడే కాపలా ఉండాలి.

నీళ్ల సిలిండర్ కొనలేని చోట 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ నిండా మంచినీళ్లు పోసి పొలం గట్టున పెట్టుకోవడం చెడ్డ ఆలోచన కాదు. సిలిండర్‌కున్నంత జోరు ఉండదు గానీ, రాజుకుంటున్న నుసిని తడపడానికి చాలు. మందు కొట్టిన ట్యాంకును కడగకుండా వాడొద్దు. కొన్ని పురుగుమందుల్లో ఉండే ద్రావకాలు మండేవే. పెట్రోలు ఇంజన్ స్ప్రేయర్‌ను మంట దగ్గరకు తేవద్దు.

సీఓటూ ఎందుకు వద్దు

షాపులో సీఓటూను "మరక పడదు, ఇంజన్ పాడవదు" అని చూపిస్తారు. ఆ మాట నిజమే. రైస్ మిల్లులో కరెంటు ప్యానెల్‌కు అంతకన్నా మంచిది లేదు. అయితే అది నాలుగు గోడల మధ్య పనిచేసే గ్యాసు. పొలంలో గాలికి నిలవదు, మీటరు రెండు మీటర్ల దగ్గరికి వెళ్లి కొట్టాలి, కొట్టినా చెదిరిపోతుంది. గడ్డి నిప్పును అది ఆర్పలేదు.

బరువూ ఎక్కువే. ఒత్తిడి తట్టుకోవడానికి మందపాటి ఉక్కుతో చేస్తారు కాబట్టి 2 కిలోల గ్యాసుకు మోయాల్సింది దానికి ఎన్నో రెట్లు. 31 డిగ్రీలు దాటితే లోపలి ద్రవం ద్రవంగా ఉండదు, ఒత్తిడి గబగబా పెరుగుతుంది. మే నెల ఎండలో నిలిపిన బండి మీద ఇనుము ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. పేలకుండా సేఫ్టీ డిస్క్ ఉంటుంది, అది తెగితే గ్యాసంతా పోతుంది. పోయిన సంగతి చూపడానికి గేజు ఉండదు, తూకం వేస్తేనే తెలుస్తుంది. ఏసీ క్యాబిన్‌లో తలుపులేసి కొడితే ముందు ఊపిరాడనిది డ్రైవర్‌కే.

ఫోమ్ సిలిండర్ సంగతి కొంచెం ఆలోచించాల్సిందే. 9 లీటర్ల ఏఎఫ్ఎఫ్ఎఫ్ ఫోమ్ (నూనె మంటలకు వాడే నురగ) డీజిల్ మీద పొరలా పరుచుకుంటుంది, అందులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి గడ్డిని చల్లారుస్తుంది కూడా. ఒక్క డబ్బాతో రెండు పనులన్నమాట. కానీ చిట్లిన పైపు నుంచి చిమ్ముతూ కారుతూ మండే డీజిల్ మీద పొర నిలవదు. ఇంజన్ సందుల్లోకి పౌడర్ పొగలా దూరినట్టు ఇది దూరదు. షెడ్డులో డీజిల్ డ్రమ్ములున్నచోట గోడకు ఫోమ్ పెట్టుకోండి, బండి మీద పౌడర్, నీళ్ల జోడీయే నా ఓటు.

క్లీన్ ఏజెంట్ అనే, మరక పడకుండా మంటార్పే గ్యాసు కారుకు బాగుంటుంది, ఖరీదెక్కువ, ఆరుబయట సీఓటూ లాగే గాలికి పోతుంది. మంటలోకి విసిరే ఫైర్ బాల్ ఇంజన్ లోపలికి వెళ్లదు, బయట పేలి బయటే చల్లుతుంది. అర కిలో స్ప్రే డబ్బాలు స్కూటర్‌కి సరే. ఈ-ఆటో బ్యాటరీ అంటుకుంటే ఇవేవీ ఆపలేవు, దిగి దూరం జరగడమే.

సైజు, లేబుల్

కారుకు కిలో చాలు. ట్రాక్టర్‌కి 2 కిలోలు కూడా పెడుతుంటారు, అది పది సెకన్లు కూడా రాదు. గురి తప్పిన మొదటి రెండు మూడు సెకన్లు తీసేస్తే ఇక మిగిలేదేముంది? 4 కిలోలైతే ఒకసారి తప్పినా రెండోసారి కొట్టడానికి ఉంటుంది, ఆడవాళ్లయినా ముసలివాళ్లయినా ఎత్తగలరు.

లేబుల్ మీద ఐఎస్ 15683 (ఫైర్ సిలిండర్లకు మన దేశ ప్రమాణం నంబరు), ఐఎస్ఐ గుర్తు చూడండి. ఆ తర్వాత మ్యాప్ శాతం చూడండి. మ్యాప్ 90 అంటే పౌడర్‌లో మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ 90 శాతం, మ్యాప్ 50 అంటే సగమే. రెండు సిలిండర్లూ ఒకే ఎత్తు, ఒకే రంగు, ధర తేడా మాత్రం దీనివల్లే. ఉత్త "డీసీపీ" లేదా "బీసీ" అని రాసి ఉంటే అది సోడా రకం పౌడర్, గడ్డికి పనికిరాదు.

ఎక్కడ బిగించాలి

సిలిండర్ ఎంత మంచిదైనా బానెట్ పక్కన బిగిస్తే మంటలో చేయి పెట్టి తీయాలి. టూల్ బాక్సులో పెట్టి తాళం వేస్తే సరేసరి. ట్రాక్టర్‌కి ఎడమ మడ్‌గార్డ్ మీద, డ్రైవర్ దిగే మెట్టు వైపు, నేల మీద నిలబడితే చేతికందేలా ఉండాలి. సైలెన్సర్‌కీ డీజిల్ ట్యాంకుకీ దూరంగా. కోత మిషన్‌కి పౌడర్ క్యాబిన్ తలుపు దగ్గర, నీళ్లది కింద నిచ్చెన పక్కన. రెండూ పైనే పెడితే కింద ఉన్న మనిషికి ఒక్కటీ అందదు.

గోడకు తగిలించే కొక్కెం బండికి పనికిరాదు. కుదుపులకు కొక్కెం విరుగుతుంది, వాల్వ్ మెడ వదులై గ్యాసు మెల్లగా కారిపోతుంది. రెండు ఇనుప పట్టీలు, రబ్బరు మెత్తలు ఉన్న వెహికల్ బ్రాకెట్ అడిగి తీసుకోండి. మడ్‌గార్డ్ రేకు పల్చన కాబట్టి వెనక చిన్న ఇనుప పలక వేసి బోల్టులు బిగించాలి. తాడుతో కట్టడం, జారకుండా తీగ చుట్టడం వద్దు. ముడి విప్పడానికి కత్తి వెతుక్కునే సమయం ఉండదు.

గేజు పచ్చగా ఉన్నా

గేజు చెప్పేది ఒత్తిడి గురించే, పౌడర్ గురించి కాదు. ట్రాక్టర్ కుదుపులకు పౌడర్ అడుగున గట్టిగా దిగిపోతుంది. నొక్కితే గ్యాసు మాత్రం బుస్సుమని వచ్చి పౌడర్ లోపలే ఉండిపోతుంది. నెలకోసారి బ్రాకెట్ నుంచి తీసి తలకిందులు చేసి, అరచేత్తోనో రబ్బరు సుత్తితోనో అడుగున తట్టండి, లోపల పౌడర్ జారుతున్నట్టు చేతికి తెలియాలి. గొట్టం మూతిలోకి చూడండి, మట్టిగూడు కట్టే కందిరీగలకు ఆ బెజ్జం అంటే మహా ఇష్టం. ధాన్యం కాటా మీద పెట్టి లేబుల్‌పై రాసిన మొత్తం బరువుతో సరిచూడండి.

ఒక్క సెకను నొక్కి చూసినా రీఫిల్ చేయించాల్సిందే. వాల్వ్ సీటులో పౌడర్ రేణువు ఇరుక్కుని నాలుగు రోజుల్లో ఒత్తిడి పోతుంది. రీఫిల్‌కి ఇచ్చినప్పుడు పక్కన నిలబడండి. పాత పౌడర్ అలాగే ఉంచి, నైట్రోజన్ బదులు టైర్ల కంప్రెసర్ గాలి కొట్టి, కొత్త స్టిక్కర్ అంటించే చోట్లూ ఉన్నాయి. ఆ గాలిలోని తేమకు పౌడర్ ఉండకడుతుంది. నీళ్ల సిలిండర్‌కు ఈ బాధల్లేవు. నీళ్లు అప్పుడప్పుడు మార్చి, లోపల తుప్పు చూసుకుంటే చాలు.

వాడేటప్పుడు

మొదట ఇంజన్ ఆపాలి. వైరింగ్ కాలిపోయి తాళం పనిచేయకపోయినా, స్టాప్ కేబుల్ ఉన్న ట్రాక్టర్ దాన్ని లాగితే ఆగుతుంది. నడుస్తున్న ఇంజన్ పౌడర్‌ను ఎయిర్ ఫిల్టర్ గుండా లోపలికి పీల్చుకుంటుంది, చిట్లిన పైపుకు డీజిల్ అందిస్తూనే ఉంటుంది. బానెట్ బార్లా తెరవకండి, గాలి దూరి మంట మొహం మీదికి వస్తుంది. పక్క జాలీలోంచో, నాలుగు వేళ్ల సందు ఎత్తో కొట్టండి. గాలికి వీపు పెట్టి, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, మంట మొదలును ఊడ్చినట్టు కొట్టాలి. కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. ఆరిన మర్నాడే పౌడర్‌ను గాలితో ఊది, ఆ తర్వాత కడిగించాలి. తేమ తగిలిన ఏబీసీ పౌడర్ రాగి టెర్మినళ్లనూ అల్యూమినియాన్నీ తినేస్తుంది. దీనికి భయపడి సీఓటూ కొంటామంటారు కొందరు. ఇంజన్ మిగిలితే కదా కడగడం!

ఇక ట్రాక్టర్ వెనక కట్టిన ట్రక్కు నిండా గడ్డి వేసుకుని పోతుంటే వెనక అంటుకుందనుకోండి. అక్కడ పౌడర్ ఎన్ని కిలోలున్నా, నీళ్లు ఎన్ని లీటర్లున్నా లోడుకు చాలవు. వేగం పెంచితే గాలికి మంట ముందుకే వస్తుంది. ఊరికీ గడ్డివాములకూ దూరంగా ఆపి, 101కి ఫోన్ చేసి, ట్రక్కును విడదీసి ట్రాక్టర్‌ను ముందుకు తీసుకుపోవాలి. పైన కరెంటు తీగ లోడుకు తగిలే ఉంటే మాత్రం ట్రక్కును ట్రాక్టర్‌కు కలిపే పిన్ను దగ్గరికి ఎవరూ పోకూడదు. డ్రైవర్ బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, చిన్న చిన్న అడుగులతో దూరం జరగాలి, 1912కి చెప్పి లైను ఆపించాలి. తీగ లేనప్పుడు అంతా ఆ పిన్ను మీదే ఉంటుంది. సుత్తితో పది దెబ్బలు కొడితే గాని రాని తుప్పు పిన్ను చాలా బండ్లకు కనిపిస్తుంది. గ్రీజు పూసి, చేత్తో లాగితే వచ్చేలా పైన రింగు వెల్డింగ్ చేయించండి, సిలిండర్ కొన్న రోజే.