బిట్‌ఎక్స్40 కోసం కొన్న అల్యూమినియం డబ్బా: డబ్బా గట్టిదే, పెయింటే ముంచింది

మూడేళ్లపాటు నా హామ్ రేడియో (సరదాకి మాట్లాడుకునే రేడియో) బిట్‌ఎక్స్40 ఓ చెక్క పలక మీదే బతికింది, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, ముందు వేలాడే డిస్‌ప్లే, పక్కన టేపు చుట్టిన వాల్యూమ్ కంట్రోల్. మన హైదరాబాద్ ఫర్హాన్ గారు, హామ్ కాల్‌సైన్ (రేడియోలో పిలుపు) వీయూ2ఈఎస్‌ఈ, డిజైన్ చేసిన 40 మీటర్ల తరంగాల మీద పనిచేసే బోర్డు ఇది. బోర్డు సోల్డర్ చేసి టెస్ట్ చేసి పంపేవాళ్లు గానీ డబ్బా మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. ఆ పలకని చూసి మా ఆవిడ "ఈసారి బొమ్మల కొలువులో పెట్టేద్దామా" అనేసరికి ఇక లాభం లేదనిపించింది.

ముందు ఆన్‌లైన్‌లో ఓ డబ్బా తెప్పించా, కొలతలన్నీ రాసే ఉన్నాయి కానీ అవి బయటి కొలతలని ఇంటికొచ్చాక తెలిసింది, బోర్డు ఒక వేలు వెడల్పు తేడాతో పట్టలేదు, వెనక్కి పంపేశా. తర్వాత బోర్డుని సంచీలో వేసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లా. షాపతను డబ్బా మూత తీసి బోర్డు లోపల పెట్టి "చూస్కోండి సార్, కనెక్టర్లకి కూడా జాగా ఉంది" అన్నాడు, అక్కడే సగం నచ్చేసింది. 780 రూపాయలు. రెండు ముక్కలు, యు ఆకారంలో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, నల్ల పౌడర్ కోటింగ్, రేకు మందంగానే ఉంది, చేత్తో నొక్కితే వంగదు.

మందం బాగుందని సంబరపడ్డా గానీ డిస్‌ప్లేకి కిటికీ కొయ్యడం మొదలెట్టాక అదే మందం నన్ను ఏడిపించింది. 16 అక్షరాలు రెండు లైన్ల మామూలు డిస్‌ప్లే, బోర్డు 80 బై 36 మిల్లీమీటర్లు, స్క్రూ రంధ్రాలు 75 బై 31 దూరంలో. ముందు మాస్కింగ్ టేప్ అతికించి దాని మీద పెన్సిల్‌తో గీసుకున్నా (నల్ల పెయింట్ మీద ఏ గీతా కనపడదు), గీత లోపల 3 ఎంఎం రంధ్రాలు వరసగా వేసుకుంటూ పోయి, మధ్యలో మిగిలినదాన్ని హాక్సా బ్లేడుతో కోసి, అంచులు ఆకురాయితో రుద్దా. రెండు సాయంత్రాలు పట్టింది. ఎడమ పక్క గీత కొంచెం వంకర పోయింది, అది నా తప్పే, డబ్బాది కాదు. ఒక్క మాట, ఈ పనంతా బోర్డు బిగించక ముందే చెయ్యండి, ఆ అల్యూమినియం రజను బోర్డు కింద చేరిందంటే ఎక్కడ షార్ట్ అవుతుందో దేవుడికే తెలియాలి.

ఇత్తడి స్పేసర్లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న గొట్టాలు) వేసి బోర్డు బిగించా, యాంటెన్నా సాకెట్ వెనక పెట్టా, అక్కణ్ణించి బోర్డుకి సన్న కోయాక్స్ కేబుల్, వాల్యూమ్‌కి షీల్డ్ వైరు. ఆన్ చేస్తే పలక మీద స్పీకర్లో ఎంత గోల ఉండేదో అంతే గోల! పైగా డబ్బా మీద చెయ్యి పెడితే శబ్దం మారుతోంది. మల్టీమీటర్‌తో యాంటెన్నా సాకెట్‌కీ మూతకీ మధ్య చూస్తే కనెక్షనే లేదు, అంటే డబ్బా రేడియో గ్రౌండుకి కలవనే లేదు, కలిస్తేనే అది బయటి గోలని ఆపేది. అప్పుడు వెలిగింది, పౌడర్ కోటింగ్ కరెంటుని పోనివ్వదు కదా, అంటే మనం ఇంత కష్టపడి కట్టింది లోహంలా కనిపించే ప్లాస్టిక్ డబ్బా లాంటిది. స్పేసర్ల కింద, సాకెట్ చుట్టూ, రెండు ముక్కలు కలిసే అంచుల దగ్గర పెయింట్ గీకేసి అంచుకి పళ్లున్న వాషర్లు వేశా. గోల బాగా తగ్గింది, చెయ్యి పెట్టినా ఇప్పుడేం మారట్లేదు.

ఇంకోటి, మూత. ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్ (సిగ్నల్‌కి పవర్ పెంచేది) వీపు మీదున్న లోహం దాని కాళ్లలో ఒకటైన డ్రెయిన్‌కే కలిసి ఉంటుంది, కాబట్టి నా బోర్డులో దానికి బిగించిన హీట్ సింక్ (వేడిని బయటికి పంపే లోహపు ముక్క) మీద 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. మూత పెట్టి స్క్రూలు బిగిస్తుంటే హీట్ సింక్ కొస మూతకి తగిలి అక్కడున్న పెయింట్‌ని గీరేసింది, స్విచ్ వెయ్యగానే ఆ 12 వోల్టులు గ్రౌండుకి షార్ట్ అయ్యి ఫ్యూజు టప్‌మంది. ఫ్యూజు పెట్టుకున్నా కాబట్టి బతికిపోయా. పొట్టి స్పేసర్లు మార్చి, మూత లోపల ఆ చోట మందపాటి ప్లాస్టిక్ షీటు అంటించా. ఇంకో అర అంగుళం ఎత్తున్న డబ్బా తీసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. గట్టిదనానికి వంక పెట్టను, స్క్రూలు పది సార్లు విప్పి బిగించినా మరలు పోలేదు, కానీ రేడియో కోసమైతే పెయింట్ లేని ప్లెయిన్ రేకుదే అడగండి, అదే షాపులో వంద తక్కువకే వస్తుందని నాకు తర్వాత తెలిసింది. డబ్బాతో ఇచ్చిన రబ్బరు కాళ్లు నాలుగింట్లో రెండు వారం తిరక్కుండానే ఊడిపోయాయి, ప్రస్తుతానికి రేడియో మావాడి ఎరేజరు ముక్కల మీద నిలబడింది, వాడికింకా తెలీదు.