రెండు చిన్న అల్యూమినియం పడవలు: మొగలోనూ జలాశయంలోనూ వాడిన తరువాత

కొన్నేళ్లుగా మా ఇంట్లో రెండు అల్యూమినియం పడవలు వాడుకలో ఉన్నాయి. చిన్నది 12 అడుగుల పొడవున్న బల్లపరుపు పడవ, రేకులను రివెట్లతో బిగించినది. పెద్దది 14 అడుగులది, కింది భాగం కోణంగా దిగి, అతుకులన్నీ వెల్డింగు చేసినది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం మొగలోనూ, సువర్ణముఖి మీది మడ్డువలస జలాశయంలోనూ రెండింటినీ నడిపాను. కొనదలచినవారు ముందుగా ఆకారం గురించే అడుగుతారు కానీ, నా లెక్కలో అంతకంటే ముందు చూడవలసినది అతుకు.

జలాశయంలో బల్లపరుపు పడవకు సాటి లేదు. మోకాలిలోతు నీటిలోకి కూడా వెళుతుంది, నిలబడి విసురు వల వేసినా ఒరగదు, ఇద్దరు మనుషులు ఎత్తి బండిలో పెట్టగలరు. మొగలో దాని సుగుణాలే ఎదురు తిరుగుతాయి. పాటు నీరు బయటికి లాగుతుండగా సముద్రపు కెరటం ఎదురు వస్తే, ముందు భాగం నీటిని కోయలేక దబదబ కొట్టుకుంటుంది, నీళ్లు లోపలికి ఎగిరిపడతాయి. కోణపు పడవ ఆ కెరటాన్ని చీల్చుకుని పోతుంది, అయితే ఇద్దరూ ఒకే పక్క నుంచి వల లాగితే అటు ఒరుగుతుంది. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారే ఆ మొగలో తరచుగా అడుగు తగులుతుంది కూడా.

ఇక అతుకు సంగతి. ఇసుక మీదికి లాగినప్పటి ఒరిపిడికీ ఇంజను అదురుకూ రివెట్లు క్రమంగా వదులవుతాయి, ఆ సందుల్లోంచి ఊట మొదలవుతుంది. లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే బయటినుంచి మరొకరు సుత్తితో బిగించవచ్చు కనుక మరమ్మతు తేలికే, కానీ మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది. వెల్డింగు అతుకు పగలడం అరుదు. పగిలితే మాత్రం ఆర్గాన్ వాయువుతో అల్యూమినియం అతకడం తెలిసిన మనిషి కావాలి, గేట్లూ గ్రిల్లులూ చేసే ప్రతి దుకాణంలోనూ అది కుదరదు. అయినా నా ఓటు వెల్డింగుకే.

ఉప్పునీటికి అల్యూమినియం తినిపోతుందన్న భయం సగమే నిజం. గాలి తగలగానే దానిపై ఏర్పడే ఆక్సైడు పొరే దానికి రక్ష; రేకు ఉప్పునీటిని తట్టుకునే 5052 లేదా 5083 మిశ్రమలోహ రకానిదా అని అమ్మేవారిని తప్పక అడగాలి, ఎందుకంటే చూపుకు అన్ని రేకులూ ఒకటే. అసలు శత్రువు రాగి. నాచు, గుల్లలు పట్టకుండా చెక్క పడవలకు వేసే రాగి కలిసిన రంగును దీనికి వేయకూడదు. పడవ లోపల రాగి తీగ ముక్క పడి ఉన్నా ఉప్పునీటిలో అక్కడ గుంట పడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు కూడా రేకుకు నేరుగా తగలకుండా వాటి కింద నైలాన్ వాషర్లు వేయాలి. పడవకు బదులు తాను కరిగిపోయేలా బిగించే దిమ్మ జింకుదైతే ఉప్పునీటిలో బాగా పనిచేస్తుంది కానీ మంచినీటిలో పొర కట్టి నిద్రపోతుంది. రెండు నీళ్లలోనూ తిప్పేవారికి అల్యూమినియం దిమ్మే నయం.

ఎండాకాలంలో రెండూ అట్లపెనాలే. తడిపిన గోనె సంచులు పరవక తప్పదు; వాటివల్ల అడుగుల చప్పుడు తగ్గి చేప బెదరకపోవడం అదనపు లాభం.

జలాశయానికే పరిమితమైనవారికి రివెట్ల పడవ చాలు, బరువూ ధరా తక్కువ. రెండుచోట్లా తిరిగేవారు బల్లపరుపు ఆకారాన్నే వెల్డింగులో చేయించుకుని, ముందు భాగాన్ని కొంచెం ఎత్తుగా పెట్టించుకోవడం మేలు. ఒడ్డునుంచి నేరుగా సముద్రపు కెరటాల్లోకి దిగే వేటకు ఈ రెండూ పనికిరావు. అక్కడ మన ఫైబర్ తెప్పే సరైనది.